పికప్పు బండికి నిలువు పొగగొట్టము తగునా?

ఏలూరు మొదలుకొని కైకలూరు, ఆకివీడుల వఱకు గల కొల్లేటి పల్లెలయందును, తాడేపల్లిగూడెము చుట్టుపట్ల మెట్ట గ్రామములయందును నేడు పికప్పు బండి లేని యూరు అరుదు. తెల్లవాఱకమునుపే చెఱువు గట్టునుండి చేపల పెట్టెలు, ప్రొద్దెక్కిన పిదప తవుడు బస్తాలు, కోతలనాట ధాన్యము, గడ్డి, అన్నియు నీ బండిమీదనే సాగుచున్నవి. మన తాతల కాలమున ఎడ్లబండి యెట్టిదో, మనకు నేడు పికప్పు బండి యట్టిది.

ఇట్టి పనిముట్టును అలంకార వస్తువుగా మార్చు వింత యొకటి యిటీవల మన యువకుల నాకర్షించుచున్నది. బండి యడుగున వెనుకకు సాగు పొగగొట్టమును కోయించి, డ్రైవరు గది వెనుక ఒకటి గాని రెండు గాని గొట్టములను ఆకాశమువైపు నిలువుగా నిలిపించుటయే యా వింత. అమెరికా దేశపు బండ్ల బొమ్మలను సెల్‌ఫోనులలో చూచి కలిగిన ముచ్చట యిది. ఇట్లు చేయించుట మంచిదేనా యని మమ్మడుగువారు కలరు. మంచిది కాదనియే మా యభిప్రాయము. అయితే కారణము చెప్పని సలహాను రైతు లెక్కచేయడు, చేయనక్కఱయు లేదు. కావున దీనికి అనుకూలముగా చెప్పబడు వాదముల నొక్కొక్కటిగా విచారింతము.

ట్రాక్టరుకు గొట్టము నిలువుగానే యున్నది గదా, పికప్పునకుండిన తప్పేమి యనునది మొదటి వాదము. ట్రాక్టరు పని వేఱు. దమ్ము చేయునపుడు అది ఇనుప చక్రములతో బురదలో తిరుగును. గొట్టము క్రిందనుండిన బురద పట్టి మూసికొనిపోవును. కోత లయిన చేలలో తిరుగునపుడు ఎండుగడ్డి దాని పొట్టక్రిందనే యుండును. ఆ గడ్డిమీదికి వేడి పొగ వదలిన నిప్పంటుకొనవచ్చును. ఇట్టి కారణముల చేతనే ట్రాక్టరు గొట్టమును సాధారణముగా ఇంజను ప్రక్కనుండి పైకెత్తుదురు. పైకెత్తినందున వాననీరు లోనికి దిగు చిక్కు వచ్చినది. అందుకై కొన్నిటికి రేకు మూత యమర్చిరి. మూత లేనివారు బండి నిలిపినప్పుడు ఖాళీ డబ్బా నొకదానిని గొట్టముపై బోర్లించుట మనము చూచుచునే యున్నాము. పికప్పు పని రోడ్డుమీదిది. దాని బరువంతయు గది వెనుకనే యుండును. ఆ బరువు నానుకొని కాలుచున్న గొట్టమును నిలుపుటకు ట్రాక్టరును సాక్ష్యమునకు పిలువరాదు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న సామెత యిచ్చట సరిగా నతుకును.

రెండవ వాదము కొల్లేటివారికి సహజమైనది. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏఱుల నీరు కొల్లేటికి చేరును. అచ్చటినుండి సముద్రమునకు ఉప్పుటేరు మీదుగా పోవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కొల్లేరు నిండి లంక గ్రామముల దారులు మునిగిన సంగతి యెవ్వరును మఱవలేదు. గొట్టము పైకుండిన బండి నీటిలో ఆగదని కొందఱి నమ్మకము. ఇది సగము చూచి చేసిన నిర్ణయము. పొగగొట్టము ఇంజను ఊపిరి విడుచు దారి మాత్రమే. పీల్చు దారి వేఱుగా ముందు మూతక్రింద నున్నది. ఇంజను తిరుగుచున్నంతసేపు పొగ యొత్తిడియే వెనుక గొట్టములోనికి నీటిని సులభముగా రానీయదు. అసలు అపాయము పీల్చు దారిలో నీరు ప్రవేశించినప్పుడు కలుగును. డీజిలు ఇంజను తాను పీల్చిన గాలిని సుమారు పదునాఱవ వంతునకు అదిమి, ఆ యదుముటచే బుట్టిన వేడితో నూనెను మండించును. గాలి యణగును గాని నీరణగదు. చాలినంత నీరు సిలిండరులో చేరెనేని పిస్టనుకు తగిలించిన కడ్డీ వంగిపోవును. ఆ మరమ్మతు ఒక పంట లాభమును మ్రింగగలదు. ముక్కును నీటిలో నుంచి జుట్టును పైకెత్తి కట్టుకొన్నవాడు మునుగక మానునా? నిలువు గొట్టము ఈ ప్రమాదమును కొంచెమును తగ్గింపదు. పైగా డ్రైవరునకు లేని ధైర్యమిచ్చి లోతునీటిలోనికి దింపును. దారిమీద నీరు పాఱుచుండగా బండిని దింపకుండుటయే యుపాయము. ఒకవేళ నీటిలో ఆగిపోయినయెడల మరల స్టార్టు చేయరాదు. త్రోసి గట్టుకు చేర్చి మెకానికుకు చూపింపవలెను.

మూడవది, ఇట్లు చేసిన బండికి బలము హెచ్చునను వాదము. ఇంజను బలము అది పీల్చు గాలిని, కాల్చు నూనెను బట్టి యుండును. కాలిపోయిన పొగ వెనుకకు పోయినను పైకి పోయినను చక్రమునకు చేరు బలమొక్కటియే. సైలెన్సరు తీసివేసినప్పుడు చప్పుడు హెచ్చును. చెవి ఆ చప్పుడునే బలమని భ్రమపడును. నల్లపొగయు బలమునకు గుర్తు కాదు. కాలని నూనె మసియై పోవుటయే నల్లపొగ. అనగా రైతు డబ్బిచ్చి కొన్న డీజిలే గాలిలో కలియుచున్నదన్నమాట. గట్టుదారుల దుమ్ముచే గాలి ఫిల్టరు మూసికొనుట, నూనె చిమ్ము నాజిలు అరుగుట, మోయదగిన దానికంటె హెచ్చు బరువు వేయుట దీనికి ముఖ్య కారణములు. నీలిపొగ వచ్చిన ఇంజను ఆయిలు మండుచున్నదని యెఱుగవలెను. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ విడువకుండిన చల్లార్చు నీరు లోనికి చేరుచున్నదేమో చూపించుకొనవలెను. ఈ పరీక్షలు చెఱువుగట్టు డీజిలు ఇంజనులకును వర్తించును. గొట్టముల సోకునకు పెట్టు సొమ్ములో కొంత ఫిల్టరునకును నాజిలునకును పెట్టినచో బలమును, నూనె పొదుపును రెండును దక్కును.

2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున అమలైన బి.ఎస్. 6 నిబంధనల క్రింద వచ్చిన డీజిలు బండ్లకు సాధారణముగా మసిని వడగట్టు సాధన మొకటి అమర్చబడి యున్నది. అది పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో తానే కాల్చి శుభ్రపడును. ఈ వడపోత యున్నంతవఱకు గొట్టమునుండి నల్లపొగ చిమ్మదు; పొగ చిమ్మి చూపవలెనన్న దానిని పీకివేయవలెను. అమెరికాలో జరిగినది ఇదియే. 5,50,000లకు మించిన డీజిలు పికప్పు బండ్లనుండి ఒక్క దశాబ్దములో ఇట్టి సాధనములు తొలగింపబడెనని ఆ దేశపు పర్యావరణ శాఖ 2020లో అంచనా వేసినది. అక్కడను అది చట్టవిరుద్ధమే. డీజిలు పొగ ఊపిరితిత్తుల క్యాన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించినది.

గొట్టము పైకుండిన పొగ పైకి పోయి వెనుకవచ్చువారికి తగులదను వాదములో కొంత న్యాయము కలదు. పెద్ద లారీలకు కొన్ని దేశములలో అట్లు చేయుటకు ఇదియు నొక కారణము. కాని పికప్పు గది పొట్టిది. బండి పరుగెత్తునపుడు గది వెనుక గాలి సుడి తిరిగి క్రిందికి దిగును. ఆ సుడితో పొగయు బరువుమీదికే దిగును. సరకు బండిలో మనుషుల నెక్కించుట చట్టవిరుద్ధమైనను, నాట్లకు కోతలకు పోవు కూలీలు, అందులో స్త్రీలు, ఆ స్థలముననే నిలుచుట మనమెఱిగినదే. వారి ముఖములకు పొగయు, ఆసరాకై చాచిన చేతులకు కాలిన గొట్టమును తగులును. గడ్డి మోపులు, గోనె సంచులు, బరకములు, చేపలకు వాడు థర్మోకోలు పెట్టెలు గొట్టమున కానుకొనినచో అంటుకొనుటకు అరగడియ పట్టదు. చెఱువు గట్లమీద మోటార్లకై లాగిన తీగెలు పలుచోట్ల క్రిందికి వ్రేలాడుచున్నవి. గదిని మించి పైకి లేచిన ఇనుప గొట్టము వానికి తగిలిన ఏమగునో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక చట్టము. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 112వ నియమము పొగను క్రిందికి గాని ఎడమవైపునకు గాని వదలరాదనుచున్నది. పైకి వదలరాదని అందు లేదు గదా యని వాదించువారు 120వ నియమమును గూడ చదువవలెను. అది ప్రతి బండికి చప్పుడు తగ్గించు సైలెన్సరు ఉండవలెననుచున్నది. 1988 నాటి చట్టము 52వ సెక్షను బండిని మార్చుటకు హద్దులు విధించినది. 2019లో చేర్చబడిన 182-ఎ సెక్షను ప్రకారము అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆఱు నెలల వఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. చప్పుడు, పొగల నిబంధనలను మీఱినవారికి 190వ సెక్షను క్రింద 10,000 రూపాయల వఱకు జరిమానా కలదు.

జరిమానా ఒక్కనిది, నష్టము మాత్రము సంఘమంతటిది. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. అప్పు తీసికొని కొన్న బండి తగులబడినప్పుడు బీమావారు మొదట బండి రూపమునే పరీక్షింతురు. తమకు తెలుపక మార్చినదని తేలినచో చెల్లింపును నిరాకరించుటకు వారికి కారణము దొరకును. బండి పోయినను అప్పు నిలుచును. తీఱని యా బాకీ, ధాన్యపు కాటావద్ద నిజాయితీగా వాయిదా కట్టిన చిన్న రైతునకు మఱుసటేడు దొరకవలసిన అప్పును తగ్గించును. ఒకని ముచ్చటకు మఱియొకని విత్తనము తఱుగుట సహకారము కాదు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము. బండ్ల కొఱకిచ్చు అప్పు పత్రములలో, బాకీ తీఱువఱకు పొగగొట్టమును, సైలెన్సరును, మసి వడపోతను మార్పననెడి షరతు చేర్పవలెను. ప్రతి సంవత్సరము తొలకరికి ముందు ఒక దినమున నేర్పరియగు మెకానికును సంఘ కార్యాలయమునకు రప్పించి, సభ్యుల బండ్లను, నీటి ఇంజనులను సంఘ వ్యయముతో పరీక్షింపజేయవలెను. నిషేధము మాత్రమే చేసి సాయము చేయనిచో యువకులు మనమాట వినరు. తమ బండిని సొగసుగా నుంచుకొనవలెనను వారి యుత్సాహము దోషము కాదు. ఫిల్టరు శుభ్రముగా నుండి, పొగ కంటికి కానరాక, తక్కువ నూనెతో ఎక్కువ దూరము పోవు బండియే సొగసైన బండి యని పెద్దలు వారికి చూపవలెను.