ఇంటిదారిలోనూ తీరని అలసట

బేరింగ్ సముద్రంలో పొలాక్ చేపల వేట ముగించుకుని అలాస్కాలోని డచ్ హార్బర్ నుంచి సియాటిల్‌కు బయలుదేరే ఫ్యాక్టరీ ఓడలో కార్మికులకు ఇంటిదారి అంటే విశ్రాంతి కాదు. పేరుకున్న పొలుసులు, జిగురు వదిలేదాకా బెల్టులు, కోత యంత్రాలు, నేల రుద్ది కడగాలి. వేట సాగినన్నాళ్లూ రోజుకు 12 నుంచి 16 గంటల చాకిరీ. పదేసి కిలోల సురిమి (చేప ముద్ద) దిమ్మలను ఊగే ఓడలో మోసి పేర్చిన చేతులవి. నిద్ర లేవగానే వేళ్లు చాపడమే కష్టం. చాలా ఓడల్లో జీతం వేటలో వాటాయే. చేప తగ్గితే రాబడీ తగ్గుతుంది.

ప్రమాదం సరేసరి. 2008 మార్చిలో ‘అలాస్కా రేంజర్’ అనే చేపల ఓడ మునిగినప్పుడు 47 మందిలో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు.

మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే చేపల ఓడల్లో సిబ్బందికి 24 గంటలకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 188వ ఒప్పందం చెబుతోంది. అది 2007లో ఆమోదం పొంది 2017లో అమల్లోకి వచ్చింది. అమెరికా ఇంకా దానిలో చేరలేదు. మన దేశమూ చేరలేదు. చేపకు నాణ్యతా ప్రమాణాలు పెట్టిన ప్రభుత్వాలు, ఆ చేపను శుభ్రం చేసే మనిషి నిద్రకూ చట్టరక్షణ కల్పించాలి. ఇందులో ఇక జాప్యం తగదు.