భద్రతా శీర్షిక: బాట లేని చోట జాకీ

వాహనంతోపాటు వచ్చే జాకీ చాలామందికి స్టెప్నీ పక్కన పడివుండే ఒక ఇనుప వస్తువు మాత్రమే. టైరు పంక్చరైన రోజున తప్ప అది జ్ఞాపకానికి రాదు. సమతలమైన తారురోడ్డు మీద ఒక చక్రం మార్చుకోవడానికి అది చాలు. దానిని తయారుచేసింది కూడ అందుకే. కాని ప్రాజెక్టు స్థలాలకు, సర్వే పనులకు, సెలవు దినాలలో ఏ అడవిదారికో నదీతీరానికో ఇంటిల్లిపాదితో వెళ్ళే మన ఉద్యోగులకు ఎదురయ్యే నేల వేరు. అక్కడ జాకీ ఎన్ని టన్నులు ఎత్తగలదన్న ప్రశ్న కంటె, అది దేనిమీద నిలబడుతుందన్న ప్రశ్న ముఖ్యం.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక చక్రాన్ని లేపేటప్పుడు జాకీ మీద పడే బరువు 600 కిలోలనుకుందాం. జాకీ అడుగు 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉంటే నేలమీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 6 కిలోల బరువు పడుతుంది. 60 కిలోల మనిషి ఒంటికాలిపై నిలిచినప్పుడు పడేది సుమారు అర కిలోకు లోపే. వానకు నానిన నల్లరేగడిలో ఆ కాస్త బరువుకే మన పాదం దిగబడిపోతుంది కదా! ఇక జాకీ సంగతి చెప్పాలా? అదే జాకీ కింద 40 సెం.మీ. చదరపు పలక వేస్తే ఒత్తిడి 0.4 కిలోలకు లోపే. కనుక జాకీ కొనేవారు దానితోపాటు 4, 5 సెం.మీ. దళసరి గల గట్టి కలప పలకను కూడ కొన్నట్లే భావించాలి. పలుచని ప్లైవుడ్ వంగిపోయి బరువంతా నడుమనే పడుతుంది. ఇటుక పగులుతుంది, గుండ్రాయి దొర్లుతుంది. అయినా ఈ రెంటినీ వాడే అలవాటు మనలో పోలేదు.

నేల కంటికి గట్టిగా కనిపించడం కూడ నమ్మదగినది కాదు. కచ్ రణ్‌లో పైన ఉప్పుపొర పెళుసుగా గట్టిపడి ఉంటుంది, కింద తడి బురద. బరువు పడ్డాక గాని ఆ సంగతి తెలియదు.

ఇక ఏ జాకీ? కత్తెర ఆకారంలో ముడుచుకొనే స్క్రూ జాకీకి అడుగు ఇరుకు, ఎత్తూ తక్కువే. వాలు మీద పక్కకు ఒరిగే గుణం దానిది. ముందువెనుక నిలువెల్లా ఒకే ఇరుసు గల జీపు తరహా బండ్లకు హైడ్రాలిక్ బాటిల్ జాకీ మేలని మా అభిప్రాయం. దానిని నేరుగా ఇరుసు కింద పెట్టవచ్చు. ఛాసిస్ కిందనో బంపరు కిందనో పెట్టి లేపితే ముందు స్ప్రింగులు సాగాలి, ఆ తరువాత గాని టైరు నేలను వదలదు. బండి ఎంత పైకి లేస్తే అంత ఊగుతుంది. ఇరుసును లేపితే నాలుగు వేళ్ళ ఎత్తు చాలు. అయితే కొనేముందు ఒక కొలత తప్పనిసరి. టైరులో గాలి పూర్తిగా పోయినప్పుడు ఇరుసు ఎంత కిందికి దిగుతుందో ఇంటి ముంగిట చూసుకోవాలి. జాకీ ముడిచినప్పటి ఎత్తు, కింద వేసే పలక దళసరి కలిపినా ఆ సందులో పట్టాలి. పట్టని జాకీ ఎన్ని టన్నులదైనా నిరుపయోగమే.

పొడవాటి నిలువు కమ్మీపై మెట్టుమెట్టుగా ఎక్కే హైలిఫ్ట్ జాకీపై యువకులకు మోజు ఎక్కువ. మొదట పొలంపనులలో పేరుపొందిన సాధనమిది. దింపేటప్పుడే దీనితో ప్రమాదం. పిడిని నిటారుగా పట్టుకోకుండా మీటను తిప్పితే, బండి బరువంతా పిడిని విసరుగా పైకి కొడుతుంది. దవడ ఎముకలు విరగడానికి ఆ దెబ్బ చాలు. ఇసుక చేరితే దాని పిన్నులు పట్టు తప్పుతాయి. ప్లాస్టిక్ బంపర్లున్న నేటి కార్లకు ఇది పెట్టే చోటే లేదు. అలవాటు లేనివారు దీని జోలికి పోకపోవడమే ఉచితం. పొగగొట్టం గాలితో ఉబ్బే సంచీ జాకీ మెత్తని ఇసుకలో దిగబడదు గాని, పదునైన అంచుకో కాలే గొట్టానికో తగిలితే చిరిగిపోతుంది.

జాకీ ఏదైనా దాని పని లేపడమే. లేపినదాన్ని నిలిపి ఉంచడం కాదు. నట్లు వదులు చేయడం చక్రం నేలమీద ఉండగానే కానివ్వాలి. మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు అడ్డు వేయాలి. హ్యాండ్‌బ్రేకు వేశామన్న ధీమా పనికిరాదు. కొన్ని పాత జీపు తరహా బండ్లలో ఆ బ్రేకు చక్రాలకు కాక ప్రొపెల్లర్ షాఫ్టుకు ఉండేది. వెనుక చక్రం ఒకటి గాలిలోకి లేవగానే డిఫరెన్షియల్ రెండవ చక్రానికి స్వేచ్ఛనిస్తుంది, బండి కదిలిపోతుంది. వాలు మీద పిల్లలను, పెద్దలను బండి దింపి, పక్కగా పై వైపున నిలబెట్టండి. చక్రం ఊడదీసేముందు స్టెప్నీని ఛాసిస్ కింద పడుకోబెట్టండి. జాకీ జారినా కింద సందు మిగులుతుంది. స్టెప్నీ బిగించే వేళ ఊడదీసిన చక్రాన్ని ఆ స్థానంలోకి తోయండి. స్టాండు ఉన్నవారు దాని కిందా పలక వేయాలి.

అసలు లేపకుండానే పని ముగించే దారి కూడ ఒకటుంది. ఇసుకలో ఇరుసు కింద పలకలు పేర్చి గట్టిగా ఆనించి, పంక్చరైన టైరు కింది ఇసుకనే పారతో తవ్వేయవచ్చు. చక్రం వేలాడగానే విప్పి మరొకటి బిగించి, గోతిని పూడ్చి పలకలు లాగేస్తే సరి. అరగంట ఆలస్యం కావచ్చు. బాటిల్ జాకీ పక్కన ఒక చిన్న పారకు కూడ బండిలో చోటివ్వండి.