పుంగనూరు ఆవు, పూలతోట

ఒక చిత్రకారుడు పూలతోటలో నిలిచిన ఆవును వ్రాసెననుకొందము. దాని వీపు గులాబి పొదను మించలేదు. తోక కుచ్చు నేలను తాకుచున్నది. కొమ్ములు కురుచ, నొసలు వెడల్పు. ఆ ప్రాంతమెరుగని విమర్శకుడు దానిని చూచి, చిత్రకారునికి కొలతలు తెలియవనియైనను అనును, లేక కుంచించుకొనిపోయిన పల్లె జీవనమునకు ఇది సంకేతమనియైనను వ్యాఖ్యానించును. రెండును పొరపాటే. పుంగనూరు జాతి ఆవు ఎత్తు 70 మొదలు 90 సెంటీమీటర్లు, బరువు 115 మొదలు 200 కిలోలు. ఆ బొమ్మ ఉన్నదున్నట్లు వ్రాసిన బొమ్మ.

ఈ మాట పుంగనూరు బాలుడు చెప్పగలిగియుండవలెను. కాని ఆ జాతి ఆ సీమలోనే అరుదైపోయినది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రము దానిని కాపాడుచున్నది. పశువు కన్నుల యెదుటనుండి తొలగినచో దాని బొమ్మకు అర్థము కూడ మారును. తాత "మన ఆవే" యని గుర్తించు దానిని మనుమడు కామధేనువనును, ఉపాధ్యాయుడును తలయూపును. ఆ ఒక్క మాటతో కొమ్ములు, గిట్టలు, గులాబి పొద అన్నియు మరుగున పడును.

సంకేతములే లేవనుట కాదు. జర్మను చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1911లో వ్రాసిన ‘పసుపుపచ్చని ఆవు’ కొండల నడుమ గంతులు వేయుచుండును. (ఆ చిత్రఫలకమే 140 సెంటీమీటర్ల యెత్తు, పుంగనూరు ఆవుకంటె పెద్దది!) అంతటి పసుపు రంగు ఆవు ఏ దేశమునను లేదు. అయితే పసుపు స్త్రీత్వమునకు, సౌమ్యతకు, ఉల్లాసమునకు గుర్తని మార్క్ 1910లోనే మిత్రుడు ఆగస్టు మాకేకు లేఖ వ్రాసియుండెను. మరియా ఫ్రాంక్‌ను అతడు భార్యగా స్వీకరించిన సంవత్సరము 1911. కనుక దీనిని పెండ్లి చిత్రమని కొందరు పండితులు వ్యాఖ్యానించిరి. అది ఊహయే, కాని ఆధారముగల ఊహ.

చిత్రమును చూచు విద్య మదనపల్లెకు క్రొత్తది కాదు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అచ్చటికి వచ్చిననాడు దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన జేమ్స్ కజిన్స్, భారతీయ చిత్రకళను లోకమునకు పరిచయము చేసినవారిలో నొకడు. 1935లో తిరువనంతపురమున చిత్రాలయ స్థాపనకు తోడ్పడినవాడు. చిత్రలేఖనపు గంటను లెక్కలకిచ్చివేయు బడులు ఈ సంగతి తలపోయదగును.

కుప్పమునుండి మదనపల్లెకు పోవు దారి పలమనేరు, పుంగనూరుల మీదుగనే సాగును. విద్యార్థులను విహారయాత్రకు కొనిపోవునపుడు, అనుమతి గైకొని, పలమనేరులో ఒక పూట ఆగవచ్చును. ఆవు ప్రక్కన నిలిచి, దాని వీపు తమ నడుమునకు వచ్చునో, రొమ్మునకు వచ్చునో పిల్లలే చూచుకొందురు. పిమ్మట బొమ్మ వ్రాయుదురు. అర్థమును గూర్చిన ప్రశ్న మరునాటి పాఠమున అడుగవచ్చును.