తాపీ పట్టబోయే కుర్రవాడి 90 రోజులు



మిల్లు కార్మికుని కొడుకు మిల్లులోకే పోతాడని ఒకప్పుడు మనమందరం అనుకున్నాం. 1982 జనవరి 18న ముంబయిలో మొదలైన సమ్మె తరువాత ఆ నమ్మకం సడలింది. మన షోలాపూర్‌లోనూ పెద్ద మిల్లుల భోంగాలు ఒకటొకటిగా మూగబోయాయి. ఇప్పుడు మన వాడల కుర్రవాళ్లు పొద్దున్నే నాకా మీద నిలబడి కట్టుబడి పనికి పోతున్నారు. "సాంచా వదిలి సిమెంటు మోస్తాడా!" అని ముఖం చిట్లించినవారిలో మేమూ ఉన్నాం. అది మా పొరపాటే.

పనిలో తక్కువతనం లేదు. పని నేర్పుతామని తీసుకుపోయి ఏళ్ల తరబడి తట్టలే మోయించడంలో మోసం ఉంది. అందుకే పంపే ముందే మేస్త్రీతో తేల్చుకోండి: ఎన్ని నెలలకు తాపీ చేతికిస్తావు, అప్పుడు కూలి ఎంత పెంచుతావు? నేర్చుకోవలసింది చాలా ఉంది. ఇటుకను ముందు నానబెట్టాలి. ఎండు ఇటుక మాలులోని నీటిని పీల్చేసి గోడను బలహీనం చేస్తుంది. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడరాదు. దారం, తూకపు గుండు, రసమట్టం చేతికి అలవడాలి. ఒక్క రోజులో గోడ 5 అడుగులకు మించి లేపరాదు, కట్టాక కనీసం వారం తడపాలి. ఒక్క పోగు తప్పినా గుడ్డలో కనబడుతుందని తెలిసిన ఇంట పుట్టినవాడికి ఇది పట్టుబడకపోదు.

అంతకంటె పెద్ద సంగతి రోజుల లెక్క. మిల్లులో బదిలీ పని చేసినవారికి 240 రోజుల మాట గుర్తుండే ఉంటుంది. అవి నిండకముందే గేటు బయట నిలబడినవాళ్లం మనలో ఎందరం లేము! కట్టడం పనిలో లెక్క 90 రోజులే. గడచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసిన, 18 నుండి 60 ఏళ్ల లోపు కార్మికుడు సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. 1996 చట్టంలోని ఈ నియమం 2020 కోడ్‌లోనూ నిలిచింది. కట్టడం ఖర్చులో నూటికి కనీసం 1 రూపాయి సెస్సుగా బోర్డుకు చేరాలి. ప్రమాద సహాయం, పింఛను, పిల్లల చదువు, ప్రసూతి ఖర్చు ఆ నిధిలోనుంచే. అది ఎవరి దయా కాదు. కాని రోజులు రాసిపెట్టుకోనివాడికి చేతికి ఏమీ రాదు.

కాబట్టి మొదటి రోజు నుండే చిన్న నోటుబుక్కులో తేదీ, చోటు, కాంట్రాక్టరు పేరు రాయించండి. 18 నిండని పిల్లవాణ్ని పరంజా ఎక్కించకండి.

నమోదు ఫారాలు నింపడానికి ఆదివారం ఉదయం యూనియన్ ఆఫీసులో ఉంటాం. ఆధార్, ఫోటోలు, ఆ నోటుబుక్కు తెండి. పని చేయించుకుని సంతకం పెట్టనన్న కాంట్రాక్టరు ఎవరైనా ఉంటే ఆ పేరూ చెప్పండి, మేమే వెళ్లి అడుగుతాం.