మలద్వారం లేక పుట్టిన బిడ్డ



బిడ్డ పుట్టగానే ఆడా, మగా అని చూస్తాము. ఏడ్చిందా లేదా అని చూస్తాము. మలద్వారం ఉన్నదా అని చూసేవారు తక్కువ. సుమారు 5000 కాన్పులలో ఒక బిడ్డ ఆ ద్వారం లేకుండా పుడుతుంది. ఎవరి పాపమని అడిగేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. తల్లి తిన్న తిండికీ, గ్రహణానికీ దీనితో సంబంధం లేదు. గర్భంలో మొదటి రెండు నెలల్లో పేగు చివరి భాగం, మూత్రమార్గం వేరుపడాలి; ఆ పని పూర్తి కాదు, అంతే.

ఇంట్లోవారు మోసపోయే చోటు ఒకటున్నది. కొందరు ఆడపిల్లలకు యోని దగ్గరి చిన్న రంధ్రం గుండా మలం వస్తుంది. మగబిడ్డకు మూత్రంలో పచ్చగా కలిసి రావచ్చు. విరేచనం అవుతున్నది గదా అని ఊరుకుంటారు. ఏ దారీ లేకపోతే పొట్ట ఉబ్బి పచ్చని వాంతులవుతాయి. అప్పుడు ఆముదం, వాము నీళ్లు పోయకండి. పాలు పట్టడం ఆపి, బిడ్డను తల్లి గుండెకు హత్తుకొని వెచ్చగా ఉంచి, 108కి ఫోన్ చేయండి. మొదటి 24 గంటల్లో నల్లపచ్చని విరేచనం కాకపోయినా డాక్టరుకు చూపించవలసినదే.

చర్ల, దుమ్ముగూడెం వైపువారికి ముందు భద్రాచలం ఏరియా ఆసుపత్రి. ఆపరేషన్ మాత్రం పసిపిల్లల సర్జన్లున్న చోట, హైదరాబాదు నిలోఫర్ వంటి పెద్దాసుపత్రిలో జరగాలి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటినప్పుడు దారులు మునిగిన సంగతి మీకు తెలుసు. వానాకాలపు కాన్పులకు ముందుగానే ఆసుపత్రి చేరడం మంచిది. ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లున్నాయి. కార్డు వెంట తీసుకెళ్లండి.

లోపం చర్మానికి దగ్గరగా ఉంటే ఒక్క ఆపరేషన్‌తో సరిపోవచ్చు. పైన ఉంటే మూడు విడతలు. మొదట పేగును పొట్టమీదికి తెచ్చి మలానికి దారి చేస్తారు. ఎర్రగా కనబడే ఆ పేగును చూసి జడిసి, బిడ్డను ఎత్తుకోని నానమ్మలున్నారు. తాకితే బిడ్డకు నొప్పి ఉండదమ్మా. సంచి దొరకకపోతే శుభ్రమైన నూలుగుడ్డ కట్టి, చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా జింకు ఆయింట్‌మెంటు రాయవచ్చు.

కొన్ని నెలలకు అసలు ఆపరేషన్. 1980లో మెక్సికోలో ఆల్బెర్టో పెన్యా అనే సర్జన్ వెనుకవైపు నడిమధ్యగా కోసి, కండరాలను కళ్లారా చూస్తూ వాటి నడుమ పేగును అమర్చారు. నేటికీ అదే పద్ధతి నడుస్తున్నది. ఆయన చూసిన పిల్లలలో నూటికి సుమారు 75 మంది స్వయంగా విరేచనానికి వెళ్లగలిగారు. వారిలోనూ సగం మందికి అప్పుడప్పుడు బట్టలు పాడయ్యేవి.

ఆ తరువాతి పని తల్లిదే. రెండు వారాల తరువాత కొత్త ద్వారంలో లోహపు కడ్డీని రోజుకు రెండుసార్లు పెట్టి వెడల్పు చేయాలి. వారం వారం కడ్డీ సైజు పెరుగుతుంది. బిడ్డ ఏడుస్తుంది, తల్లి మనసు ఒప్పదు. పత్తి ఏరే రోజుల్లో కూలి పోతుందని కూడా మానేస్తారు. మానేస్తే ద్వారం ముడుచుకుపోతుంది, మళ్లీ కోయవలసి వస్తుంది. నాన్న గానీ, నానమ్మ గానీ ఆసుపత్రిలోనే ఈ పని నేర్చుకొని వస్తే తల్లికి చేయి మారుతుంది. ద్వారం తగినంత వెడల్పయ్యాకే పొట్టమీది దారి మూస్తారు.

మలబద్ధకం మాత్రం ఏళ్ల తరబడి వెంటాడవచ్చు. బడి వయసులో బట్టలు పాడవుతుంటే కొట్టకండి, అది మొండితనం కాదు. డాక్టరు చెప్పిన కొలతలో రోజూ ఒకే వేళకు ఎనిమా ఇస్తే, మిగిలిన రోజంతా శుభ్రంగా ఉండి బల్లమీద అందరితో కూర్చోగలడు. పంతులుగారికి ఈ సంగతి పిల్లల ఎదుట కాక విడిగా చెప్పండి.