హాస్టల్ పెరట్లో ఉల్లిమడి

2019 డిసెంబర్‌లో కిలో ఉల్లిగడ్డ వంద రూపాయలు దాటింది. ధర పెరిగిందని పేపరు కన్నా ముందు మన హాస్టల్ కూరే చెబుతుంది. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ హాస్టల్‌కు ఖాళీ జాగా ఉన్నా అక్కడ ఒక ఉల్లిమడి ఉండాలని మా అభిప్రాయం.

చలికాలం ఉల్లికి అనువైన కాలం. దసరా సెలవులు కాగానే నారు పోస్తే ఆరేడు వారాలకు నాటుకు వస్తుంది. నీరు నిలవని మడిలో పశువుల ఎరువు వేసి, బెత్తెడు దూరంలో నాటాలి. బియ్యం కడిగిన నీళ్లు పోయవచ్చు. మార్చి నెలాఖరుకు సగం మొక్కల ఆకులు వాలితే గడ్డ తయారైనట్టే. పీకి నీడన ఆరబెట్టాలి. విత్తనం మాత్రం మన యాసంగిదే కొనాలి. చలిదేశాల రకాలకు 14 గంటలకు పైగా పగలు కావాలి. ఇక్కడ అవి ఆకు వేస్తాయి గాని గడ్డ ఊరవు.

"మట్టి పనికేనా హాస్టల్‌కు పంపింది?" అని కొందరు అడుగుతారు. అందులో న్యాయం ఉంది. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీలు మావే, కూలి కష్టం మాకు తెలుసు. కనుక ఇది ఇష్టమున్నవారి పనే కావాలి, చదువు గంటలను ముట్టకూడదు. మడి ఉందని కూరగాయల ఖర్చు తగ్గించనివ్వద్దు. 2024 నవంబర్‌లో ఇంటర్, ఆపై విద్యార్థులకు నెలకు 1500 నుంచి 2100 రూపాయలకు పెరిగిన మెస్ ఛార్జీలు మన హక్కు. ఉల్లిమడి దానికి అదనం.

అమ్మానాన్నలకు తెలిసిన విద్య మనతో ఆగిపోకూడదు. వచ్చే దసరాకు నారు పోద్దాం.