ట్రెడ్‌మిల్లు లడ్డు కాదు

బాలాపూర్ గణేశుడి లడ్డు 1994లో మొదటిసారి వేలం వేసినప్పుడు 450 రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు. ఆ లెక్క చూసి నవ్వేవాళ్లున్నారు గానీ నాకైతే అందులో తప్పేం కనపడదు. లడ్డు వేలంలో కొనేది పిండీ చక్కెరా కాదు, ఊరందరి ముందు పాట మనదైందన్న గౌరవం. ఎంత ఎక్కువ పెడితే అంత పేరు. నా గొడవల్లా, మనం అదే ఊపుతో ఆన్‌లైన్‌లో ట్రెడ్‌మిల్లు పాట పాడటం గురించి. పాడినవాణ్ని నేనే కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను.

మా నాన్నకి షుగర్. రోజూ ముప్పావు గంట నడవమని డాక్టర్ చెప్పారు. సూర్యాపేటలో మా వీధి తెల్లారుజామున కుక్కలది, రాత్రి చీకటిది. ఇంట్లోనే నడిచేలా ఒక మెషీన్ కొనిద్దామని ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ దాచిపెట్టా. కొత్తది 22 వేలు చెప్పారు. సెకండ్ హ్యాండ్ సామాన్లు వేలం వేసే ఒక సైట్‌లో కూకట్‌పల్లిది ఒకటి కనపడింది. మొదలు ధర ఆరు వేలు. "పదివేలు దాటితే వదిలేస్తా" అని రూమ్మేట్‌కి మాట కూడా ఇచ్చా.

ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరైనా బిడ్ వేస్తే టైమ్ ఇంకో రెండు నిమిషాలు పెరుగుతుంది, అది ఆ సైట్ రూలు. అవతల ఎవడో ఉన్నాడు. పేరు కనపడదు, రెండక్షరాలూ మూడు చుక్కలూ అంతే. నేను పెంచితే వాడూ పెంచుతాడు. తొమ్మిదిన్నరకి అయిపోవాల్సిన పాట పది దాటింది. పక్క రూముల వాళ్లంతా నా మంచం మీద చేరి సూపర్ ఓవర్ చూసినట్టు చూస్తున్నారు. పదివేలు ఎప్పుడు దాటిందో నిజంగా గమనించలేదు. 14,500 దగ్గర "మీరు గెలిచారు" అని వచ్చింది. కారిడార్ అంతా ఒకటే కేకలు. 'కొన్నారు' అనలేదు చూడండి, 'గెలిచారు' అంది. అక్కడే ఉంది కిటుకంతా.

ఈ జబ్బుని మొదట లెక్కగట్టి చూపించింది మనలాంటి ఇంజినీర్లే. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బ్లాకుల వేలం పాడిన కంపెనీలకి అనుకున్నంత లాభం ఎందుకు రావట్లేదని కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు 1971లో ఒక పేపర్ రాశారు. విషయం చాలా సింపుల్. కింద ఎంత చమురుందో ఎవరికీ సరిగ్గా తెలీదు, అందరూ అంచనా వేస్తారు. అందరికంటే ఎక్కువ వేసుకున్నవాడే గెలుస్తాడు, అంటే అందరికంటే ఎక్కువ పొరపాటు పడినవాడన్నమాట. దీన్నే 'విన్నర్స్ కర్స్' అంటారు. ఫొటోలో చూసిన ట్రెడ్‌మిల్లూ అంతే. బెల్టు కింద ఏముందో అమ్మేవాడికే తెలుసు.

నా బెల్టు కింద ఏముందో చెప్తా. చెక్క డెక్ మీద పూత మొత్తం అరిగిపోయింది. దాంతో ఫ్రిక్షన్ పెరిగి, మోటార్ కరెంట్ ఎక్కువ లాగి, పది నిమిషాలకే ఆగిపోయేది. మెల్లగా నడిచే బరువైన మనిషి ఉంటే మోటార్‌కి ఇంకా కష్టం. మా నాన్న 86 కిలోలు, నడక నిదానం. స్టిక్కర్ మీద 2 హెచ్‌పీ అని ఉన్నది పీక్ పవర్, నిలకడగా ఇచ్చేది కాదు. మెషీన్స్ ల్యాబ్‌లో వైవా చెప్పి మార్కులు కొట్టేసిన నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. పార్శిల్ ఆఫీసుకీ ఆటోకీ హమాలీకీ కలిపి 2,200. కంట్రోలర్ బోర్డు, లేబర్ 3,800. కూడితే 20,500. ఇంకో 1,500 వేసుకుంటే వారంటీతో కొత్తదే వచ్చేది.

"ఎంతైందిరా?" అని నాన్న అడిగితే తొమ్మిదివేలన్నా. ఆయన ఇంకేం అడగలేదు. ఇప్పుడు దాని హ్యాండిల్ మీద అమ్మ తువ్వాళ్లు ఆరేస్తోంది. నాన్న తెల్లవారాక చేతికర్ర పట్టుకుని చెరువు కట్ట దాకా నడుస్తున్నారు, కుక్కల సంగతి ఆయనే చూసుకుంటున్నారు.

అలాగని వేలం మోసమని నేననను. ఈబేలో ఉండే పద్ధతి నాకు నచ్చుతుంది. మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ఒక్కసారి చెప్పేస్తే, మిగతావాళ్లని దాటడానికి ఎంత కావాలో అంతే పెంచుతూ సిస్టమే మీ తరఫున పాడుతుంది. 1961లో విలియం విక్రీ రాసిన రెండో ధర వేలానికి ఇది దగ్గరి చుట్టం. ఆ గరిష్ఠంలో రవాణా, రిపేరు ముందే తీసేసి, నంబర్ కొట్టి, ఫోన్ పక్కన పడేసి భోజనానికి వెళ్లిపోవాలి. నిమిషం నిమిషం మనతో పాడించే సైట్‌కి కావాల్సింది మన నాన్న షుగర్ తగ్గడం కాదు కదా.

ఇంకో మాట. మోటారూ బోర్డూ ఉన్నవాటిని కళ్లారా చూడకుండా, ఎక్కి అరగంట నడవకుండా పాడొద్దు. ఇనుము వేరు. పోత ఇనుము ప్లేటుకి పదేళ్లయినా తుప్పు తప్ప ఏమీ కాదు, గీకి పెయింట్ వేస్తే సరి. ప్లాస్టిక్ తొడుగు లోపల సిమెంట్ నింపినవి మాత్రం పగిలి రాలతాయి. అనుమానముంటే బకెట్ నిండా నీళ్లు పోసి ముంచండి: పది కిలోల పోత ఇనుము లీటరున్నర లోపే నీళ్లు ఒలకబోస్తుంది, సిమెంటుదైతే నాలుగు లీటర్ల పైనే. ఆర్కిమెడీస్ హాస్టల్ బాత్రూంలో కూడా పనిచేస్తాడు.

ఈ నెలాఖర్లో ఫైనలియర్ అన్నలు డంబెల్స్ సెట్టుని వాట్సాప్ గ్రూపులో వేలం వేస్తున్నారు. నా నంబర్ బీరువా తలుపు లోపల పెన్సిల్‌తో రాసిపెట్టా. తాళం రూమ్మేట్ దగ్గర లేదు, ఈసారి వాడూ పాడుతున్నాడు.